బాబుకు మాధవ్ అని పెట్టొచ్చా? మధు రాక్షసుడు కదా అంటున్నారు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. మీకు బాబు పుట్టాడు, మఖ మొదటి పాదం, పంతులుగారు "మా" అక్షరం ఇచ్చారు. మీ నాన్నగారు వెంటనే వాళ్ల నాన్న మాధవయ్యగారి పేరు కలిసొస్తుందని "మాధవ్" అనేశారు. అంతా సరే అనుకున్నాక మీ మామగారు అడ్డుపడ్డారు. మధు అంటే రాక్షసుడు, మాధవుడంటే మధు సంతానం, పోయి పోయి మనవడికి రాక్షసుడి వారసుడని పెడతారా అని ఆయన అభ్యంతరం. మీ మరదలు ఫోన్లో చూసి "తేనెలా తియ్యనివాడు" అని చదివింది. పంతులుగారేమో "లక్ష్మీపతి" అన్నారు. ఇరవై ఒకటో రోజు బారసాల, ఇంకా వారమే ఉంది, ఎవరి మాట నిజమో తేలడం లేదు.

పెట్టండి, నిశ్చింతగా పెట్టండి. పేరు ఒకటే గానీ దాని వెనక దారులు చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో దారి మొదట్లో నిలబడి మాట్లాడుతున్నారు, అంతే. మీ మామగారు మాత్రం సరైన దారి పట్టి తప్పు ఇంటికి వెళ్లారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు సంస్కృతం చెప్పాను. ఇంటర్లో సంస్కృతం ఎందుకు తీసుకుంటారో మీకు తెలియంది కాదు, మార్కుల కోసం. అలాంటి క్లాసులో కూడా పిల్లలు తల ఎత్తి వినే పాఠం ఒకటుండేది, వాళ్ల వాళ్ల పేర్లు విడగొట్టడం. ఏటా ఒక మాధవో వేణుమాధవో తప్పనిసరిగా ఉండేవాడు కాబట్టి ఈ పేరు మీద నాకు కాస్త చాదస్తం ఎక్కువ, ఓపిగ్గా చదవండి.

వ్యాకరణంతో మొదలుపెడదాం. పాండు కొడుకులు పాండవులు. రఘువంశంలో పుట్టినవాడు రాఘవుడు. యదువంశం వాళ్లు యాదవులు, భృగువంశం వాళ్లు భార్గవులు, మనువు సంతతి మానవులు, దనువు పిల్లలు దానవులు. అన్నీ ఒకే మూసలో పోసినవని వినగానే తెలుస్తుంది. చివర "ఉ" ఉన్న పేరు తీసుకుని దాని మొదటి అచ్చును సాగదీసి, చివరి "ఉ"ను "అవ" చేస్తే ఫలానావాడి వంశం వాడు అనే అర్థం వస్తుంది. పాణిని దీనికి సూత్రాలు చెప్పాడు, మొదటి అచ్చు సాగడానికి "తద్ధితేష్వచామాదేః", చివరి ఉకారం మారడానికి "ఓర్గుణః". ఆ మూసలో మధు పడితే మాధవ. ఇక్కడి వరకు మీ మామగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

తేడా వచ్చేది ఏ మధు అన్న దగ్గర. మన పురాణాల్లో ఆ పేరుతో కనీసం ముగ్గురున్నారు. మీ మామగారి మనసులో ఉన్నది మధుకైటభుల్లో మధు. విష్ణువు యోగనిద్రలో ఉండగా ఆయన చెవి గులిమి నుంచి పుట్టి బ్రహ్మ మీదికి పోయినవాడు. వాణ్ణి చంపినందుకే విష్ణువు మధుసూదనుడయ్యాడు. చంపినవాణ్ణి పట్టుకుని చచ్చినవాడి కొడుకు అని ఏ భక్తుడైనా పిలుస్తాడా? విష్ణు సహస్రనామంలోనే "భూగర్భో మాధవో మధుసూదనః" అని ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. రెండో మధు రామాయణం ఉత్తరకాండలో ఉన్నాడు, లవణాసురుడి తండ్రి. శత్రుఘ్నుడు లవణుణ్ణి చంపి కట్టించిన ఊరే తర్వాత మథుర అయింది. వీడూ మన లెక్కలోకి రాడు.

మన మాధవుడికి మూలమైనవాడు మూడో మధు, యదువంశపు రాజు. భాగవతం తొమ్మిదో స్కంధంలో వంశావళి వస్తుంది చూడండి, వీతిహోత్రుడి కొడుకు మధు, అతనికి వందమంది కొడుకులు, వాళ్లలో పెద్దవాడు వృష్ణి. యదువు వల్ల యాదవులు, మధువు వల్ల మాధవులు, వృష్ణి వల్ల వృష్ణులు, మూడూ ఒకే కులానికి పేర్లు. అందుకే భారతంలో మాధవుడనే మాట కృష్ణుడొక్కడికే కట్టుబడి ఉండదు. సాత్యకినీ మాధవుడంటారు. సుభద్రను మాధవి అంటారు. అంటే మొదట్లో ఇది ఇప్పటి మన ఇంటిపేరు లాంటిదన్నమాట, కృష్ణుడు అందరికంటే గొప్పవాడు కావడంతో ఆ ఇంటిపేరు ఆయన సొంత పేరైపోయింది.

కాబట్టి మామగారితో "మధు రాక్షసుడు కాదు" అని వాదనకు దిగకండి, ఉన్నాడు, రాక్షసుడూ ఉన్నాడు. "ఆ మధు వేరు, ఈ మధు వేరు మామయ్యగారూ" అనండి చాలు.

ఇక పంతులుగారి మాట. మా అంటే లక్ష్మి, ధవుడు అంటే భర్త, మాధవుడు అంటే లక్ష్మీపతి. ఇది ఆయన కల్పించింది కాదు. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో లక్ష్మి పేర్ల వరసలో "ఇందిరా లోకమాతా మా" అని ఒంటి అక్షరంగా "మా" ఉంది, భర్త అనే మాటకు పర్యాయపదాల్లో మొట్టమొదటిదే "ధవః". శంకరాచార్యుల పేరుతో ఉన్న సహస్రనామ భాష్యం కూడా ఈ అర్థాన్ని చెప్తుంది. సంప్రదాయంలో దీనికి ఎదురులేదు.

కానీ భాషా చరిత్ర వైపు నుంచి చూస్తే ఇందులో ఒక తమాషా ఉంది, నాకు ఈ పేరులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే. ఈ "ధవ" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అందరికీ తెలిసిన విధవ అనే మాటను మనం "ధవుడు లేనిది" అని విడదీస్తాం, వేదంలోని మాటల పుట్టుక చెప్పే యాస్కుడి నిరుక్తంలోనే ఈ విడదీత ఉంది. అయితే విధవ అనే మాట చాలా పాతది. ఇంగ్లీషులో విడో, లాటిన్‌లో విదువా దాని దాయాదులే. ఆ భాషల్లో "ధవ" అనే విడి ముక్క లేదు, "వి" అనే ఉపసర్గా లేదు, మాట మొత్తం విడిపోవడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి పుట్టింది. భాషావేత్తలు చెప్పేదేమంటే, సంస్కృతం మాట్లాడేవాళ్లు విధవలో మొదటి అక్షరాన్ని "లేకపోవడం" అనే ఉపసర్గ అనుకుని దాన్ని కోసేసి, మిగిలిన ధవకు భర్త అనే అర్థం కట్టారు. అంటే ధవుడి వల్ల విధవ రాలేదు, విధవ వల్లే ధవుడు పుట్టాడు! ఆ ధవుడు పుట్టాకే లక్ష్మి పక్కన చేరి మాధవుడనే సమాసం కుదిరింది. (ఈ ముక్క బారసాల నాడు పీటల దగ్గర మాత్రం చెప్పకండి, మీ ఆడవాళ్లు నన్ను తిడతారు.)

అందువల్ల ఏది ముందు పుట్టిన అర్థం అంటే మధువంశం వాడు అన్నదే. లక్ష్మీపతి అన్నది తర్వాత అల్లుకున్నది. తర్వాత వచ్చినంత మాత్రాన తప్పు అనడానికి వీల్లేదు. వెయ్యేళ్లకు పైగా కోట్లమంది ఆ అర్థంతోనే పిలుస్తున్నప్పుడు అది కూడా ఆ పేరు సొంత ఆస్తే.

పైగా ఒక పేరుకు ఒకే అర్థం ఉండాలని మన పెద్దలెవరూ పట్టుబట్టలేదు. విష్ణు సహస్రనామంలో మాధవ అనే పేరు మూడుసార్లు వస్తుంది, 72, 167, 735 నామాలుగా. చెప్పిందే చెప్తే పునరుక్తి దోషం కదా, అందుకని భాష్యంలో వచ్చిన ప్రతిసారీ వేరే అర్థం చెప్పారు. మొదటిచోట లక్ష్మీపతి అని, ఉపనిషత్తులో చెప్పిన మధువిద్య వల్ల తెలియదగినవాడు అని. రెండోచోట "మా" అంటే విద్య, విద్యకు అధిపతి అని, దానికి హరివంశం శ్లోకం సాక్ష్యంగా ఇచ్చారు. మూడోచోట మధువంశంలో పుట్టినవాడు అని. మీ మామగారి దారి ఆ మూడోది, పంతులుగారి దారి మొదటిది. భారతం ఉద్యోగపర్వంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి కృష్ణుడి పేర్ల అర్థాలు వివరిస్తూ ఇంకో దారి చెప్పాడు, "మౌనాద్ధ్యానాచ్చ యోగాచ్చ విద్ధి భారత మాధవమ్", మౌనం వల్ల, ధ్యానం వల్ల, యోగం వల్ల ఆయన్ని మాధవుడని తెలుసుకో అని. వ్యాకరణంతో దానికి పని లేదు, అక్షరాల్లోంచి ధ్యానానికి దారి తీయడం అది. నిరుక్తి అంటే అదే, పదం పుట్టుక చెప్పడం ఒక పని, పదంలోంచి అర్థం పిండడం ఇంకో పని. ఈ రెండూ కలిపేస్తేనే ఇంట్లో గొడవలు.

మీ మామగారు గట్టి శివభక్తులని రాశారు కదా. ఆయనకు ఇది చెప్పండి. సంస్కృత అలంకారశాస్త్రంలో శ్లేషకు ఉదాహరణగా ఒక పాత శ్లోకం ఉంది, చివర "సర్వదోమాధవః" అని వస్తుంది. "సర్వదః మాధవః" అని విడదీస్తే అన్నీ ఇచ్చే మాధవుడు, విష్ణువు. "సర్వదా ఉమాధవః" అని విడదీస్తే ఎల్లప్పుడూ ఉమాదేవి భర్త, శివుడు. శ్లోకం మొత్తం అలాగే నడుస్తుంది, ఒకే అక్షరాలు ఇటు విష్ణువుకు అటు శివుడికి. కాబట్టి ఆయన మనవణ్ణి పిలిచినప్పుడల్లా ముందు ఒక "ఉ" మనసులో అనుకుంటే సరి. నిజంగానే ఒకరింట్లో ఈ సలహా పనిచేసింది, తాతగారు ఇప్పటికీ వాణ్ణి "ఉమాధవా" అనే పిలుస్తారట.

మీ మరదలి "తేనె" సంగతి. సంస్కృతం పేర్లకు ఇంటర్నెట్లో రాసే అర్థాల్లో సగం ఊహాగానమే, కానీ ఇందులో ఒక పిసరు నిజం ఉంది. మధు అంటే తేనె అనేది అతి పాత మాట. ఇంగ్లీషులో తేనె పులియబెట్టి చేసే మద్యాన్ని మీడ్ అంటారు, రష్యన్‌లో తేనె మ్యోద్, లిథువేనియన్‌లో మెదుస్, అన్నీ ఒకే కుటుంబం. మన తేనె మాత్రం ఆ కుటుంబం కాదు, ద్రావిడపు మాట. ఇందాక చెప్పిన మూస వంశం ఒక్కటే కాదు, "దానికి సంబంధించినది" అనే అర్థం కూడా ఇస్తుంది కాబట్టి మాధవం అంటే తేనెకు సంబంధించింది అవుతుంది. అంతేగానీ "తియ్యనివాడు" అని సూటిగా అర్థం రాదు. ముద్దుగా అనుకుంటే అనుకోనివ్వండి, పసివాడు తియ్యగా ఉంటాడంటే కాదనేదెవరు.

నన్నడిగితే తేనె కంటే వసంతం బాగుంటుంది. చైత్రం వైశాఖం అనే నక్షత్రాల పేర్లు స్థిరపడక ముందు వేదంలో నెలలకు వేరే పేర్లుండేవి. "మధుశ్చ మాధవశ్చ వాసంతికావృతూ" అంటుంది తైత్తిరీయ సంహిత, మధు, మాధవ ఈ రెండూ వసంత రుతువు నెలలు అని. మన లెక్కలో చైత్రం మధు, వైశాఖం మాధవ. మామిడి పూత పిందె అయ్యి, పిందె కాయయ్యే రోజులు. వైశాఖాన్ని ఇప్పటికీ మాధవ మాసం అంటారు. అమరకోశంలో వైశాఖానికి పర్యాయపదాలు చూస్తే "వైశాఖే మాధవో రాధః" అని ఉంటుంది. చూశారా, మాధవ, రాధ పక్కపక్కనే! విశాఖ నక్షత్రానికి రాధ అని ఇంకో పేరు (దాని వెనకాల వచ్చేది కాబట్టే అనూరాధ), ఆ రాధ వల్ల ఆ నెల రాధం. రాధామాధవుల పేర్లు ఇలా పంచాంగంలోనూ జంటగా కూర్చున్నాయని నేను క్లాసులో చెప్తే వెనక బెంచీ వాళ్లు కూడా నవ్వేవాళ్లు.

అయితే పంచాంగంలోనే ఇంకో లెక్క కూడా ఉంది. కేశవ, నారాయణ, మాధవ, గోవింద అని ఆచమనంలో చెప్పే కేశవ నామాలున్నాయి కదా, వాటిలో మొదటి పన్నెండూ మార్గశిరం నుంచి వరసగా పన్నెండు నెలలకు అధిదేవతలు. మార్గశిరానికి కేశవుడు, పుష్యానికి నారాయణుడు, మాఘానికి మాధవుడు. మాఘం అనే పేరు ఏ నక్షత్రం వల్ల వచ్చింది? మఖ వల్ల. మీవాడు పుట్టింది మఖలో. ఇది కేవలం కాకతాళీయమే, దీన్ని పట్టుకుని జాతకాలు చెప్పను గానీ, ఇంట్లో పెద్దవాళ్ల ముందు వేయడానికి ఇంతకంటే మంచి ముక్క దొరకదు. మూడు ఉద్ధరిణెల నీళ్లలో మూడోది రోజూ "మాధవాయ స్వాహా" అని తాగే ఆచారం ఉన్న ఇల్లయితే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడొక ఇబ్బందికరమైన నిజం. శాస్త్రం ప్రకారం మగపిల్లాడికి పేరెలా ఉండాలి అని అడిగితే, నియమాల లెక్కలో ఈ పేరు పాస్ కాదు. పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన మహాభాష్యం మొదట్లోనే పతంజలి వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్తూ యాజ్ఞికుల మాటగా నామకరణ నియమాలు ఎత్తుకొస్తాడు, గృహ్యసూత్రాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. పేరు మొదటి అక్షరం ఘోషాక్షరం, అంటే నాదం ఉన్న హల్లు కావాలి. మ అలాంటిదే, పాస్. మధ్యలో య ర ల వ లలో ఒకటుండాలి, వ ఉంది, సరే. మొదటి అచ్చు వృద్ధి, అంటే ఆ ఐ ఔ లలో ఒకటి, కాకూడదు. ఇక్కడ మొదటి అచ్చే దీర్ఘ ఆకారం, అది వృద్ధి, ఫెయిల్. రెండో నాలుగో అక్షరాలుండాలి, ఇందులో మూడు, ఫెయిల్. ధాతువు నుంచి పుట్టిన కృదంతం కావాలి, ఇంకో పేరు నుంచి పుట్టిన తద్ధితం కాకూడదు. పైన చెప్పిన రఘు-రాఘవ మూస తద్ధితమే, మళ్లీ ఫెయిల్. లక్ష్మీపతి అర్థం తీసుకుంటే అది సమాసం కాబట్టి తద్ధితం గండం తప్పుతుంది, మిగతా రెండూ తప్పవు.

కానీ ఆ నియమాలు కంఠతా వచ్చిన పండితుల ఇళ్లలోనే తరతరాలుగా మాధవులు పుట్టారు. వేదభాష్యాలు రాసిన సాయణాచార్యుల అన్నగారి పేరు మాధవాచార్యుడు, సంప్రదాయం ఆయన్నే విద్యారణ్యస్వామి అంటుంది. తమ్ముడు రాసిన ధాతువుల గ్రంథానికి అన్నగారి పేరు మీద మాధవీయ ధాతువృత్తి అని పేరు. వ్యాకరణ గ్రంథానికే మాధవ పేరు పెట్టినవాళ్లకు ఆ నియమం తెలియకనా? ఆయుర్వేదంలో "నిదానే మాధవః శ్రేష్ఠః", రోగ నిర్ణయంలో మాధవుడే మేటి అని సామెత, మాధవనిదానం రాసినాయన గురించి. కేరళలో సంగమగ్రామం మాధవుడు 14వ శతాబ్దంలో అనంత శ్రేణులతో వృత్తం చుట్టుకొలత లెక్కకట్టాడు, యూరప్‌లో ఆ శ్రేణులు కనిపెట్టింది దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత. మనవైపు విష్ణుకుండిన రాజుల్లో మాధవవర్మలున్నారు, ఒకాయన పదకొండు అశ్వమేధాలు చేశాడని శాసనాలు చెప్తాయి. బెజవాడ మాధవవర్మ కథ మీరు వినే ఉంటారు, కొడుకు రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే ఒక పేదరాలి కొడుకు చనిపోతే సొంత కొడుక్కే మరణశిక్ష వేశాడని, ఆ ధర్మానికి మెచ్చి కనకవర్షం కురిసిందని. అది కథే, కానీ బెజవాడలో ఆ పేరుకున్న బరువు అది.

ఆ నియమాల్లోనే ఇంకొకటి ఉంది, నేను కావాలనే చివరికి ఉంచాను. "త్రిపురుషానూకం", పేరు పెట్టే తండ్రికి పైన ఉన్న మూడు తరాల పురుషుల్లో ఒకరిని గుర్తు చేసేలా ఉండాలి. మీ తాతగారు మాధవయ్యగారు. మూడు తరాల్లోనే ఉన్నారు. తాత పేరు పెట్టడం మన తెలుగిళ్ల అలవాటు మాత్రమే అనుకుంటాం గానీ పతంజలి కాలానికే అది రాసి ఉంది. మీ నాన్నగారు ఏ శాస్త్రమూ చూడకుండానే అన్నిటికంటే గట్టి నియమం పట్టుకున్నారు. మీ మామగారికి కూడా ఇదే ముందు చెప్పండి, అర్థాల గొడవ తర్వాత.

ముందో వెనకో ఇంకో పేరు తగిలిద్దామనుకుంటున్నామని అన్నారు, వేణుమాధవ్ అని. బాగుంటుంది. కానీ ఇక్కడ ఒక చిన్న గందరగోళం ఉంది. వేణుమాధవుడు వేరు, వేణీమాధవుడు వేరు. వేణు అంటే వెదురు, పిల్లనగ్రోవి. వేణి అంటే జడ, మూడు పాయల త్రివేణీ సంగమం. ప్రయాగలో కొలువున్నది వేణీమాధవుడు. మా క్లాసులో ఒకబ్బాయి రికార్డుల్లో వేణిమాధవ్ అని ఉంటే అందరూ ఆడపిల్ల పేరని ఏడిపించేవాళ్లు, వాళ్ల నాయనమ్మ కాశీయాత్ర ముగించుకొచ్చాక పుట్టాడని అలా పెట్టారట, పాపం వాడికి ఆ సంగతి ఇంటర్‌దాకా ఎవరూ చెప్పలేదు. అలాగే కాశీలో పంచగంగా ఘాట్ దగ్గర బిందుమాధవుడు, రామేశ్వరంలో సేతుమాధవుడు, మన పిఠాపురంలో కుంతీమాధవుడు. ఇవన్నీ పంచమాధవ క్షేత్రాల లెక్కలోవి. బిందుమాధవ, సేతుమాధవరావు అనే పేర్లు ఎవరికైనా వింటే వాళ్ల పూర్వీకుల్లో ఎవరో ఒకరు ఆ యాత్ర చేసినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం. మీది గోదావరి జిల్లా అన్నారు కాబట్టి, పిఠాపురం పాదగయ దాకా వెళ్లినవాళ్లు కుంతీమాధవస్వామి గుడికి కూడా ఒకసారి పిల్లాణ్ణి ఎత్తుకెళ్లండి.

ఇంకో అడ్డదారి మాట, మధ్వాచార్యులు వేరు. మాధ్వులు అంటే మధ్వ సంప్రదాయం వాళ్లు. మాధవకీ మాధ్వకీ ఒక "అ" తేడా, అర్థం మాత్రం వేరే. కామెంట్లలో ఒకరు "అది మాధ్వుల పేరు కదా, మీరు స్మార్తులు" అని రాశారు, దాన్ని పట్టించుకోకండి.

ఆడపిల్లల మాధవికి కూడా ఇవే అర్థాలు నడుస్తాయి, పైగా మాధవీలత ఒక తీగ. వసంతంలో పూస్తుందని ఆ పేరు. మన ఇళ్ల గేట్ల మీద ఎర్రగా తెల్లగా గుత్తులు గుత్తులుగా పూసే రాధామనోహరాన్నే చాలామంది మాధవీలత అనుకుంటారు, అది వేరే మొక్క. మీకు తర్వాత అమ్మాయి పుడితే అప్పుడు మాట్లాడుకుందాం.

రాత సంగతి చెప్పి ఆపేస్తాను. తెలుగులో మా, వత్తు ధ, వ. "మాదవ" అని వత్తు లేకుండా రాస్తే ఏ అర్థమూ లేదు, శుభలేఖల్లో, ఫ్లెక్సీల్లో తరచూ ఇలాగే చంపేస్తుంటారు, ప్రింటింగ్‌కిచ్చే ముందు ఒకసారి చూసుకోండి. "మాధవ్" అని పొల్లుతో ముగించడం హిందీ నుంచి వచ్చిన అలవాటు, వాళ్లు ఇంకా అరగదీసి మాధో కూడా అంటారు, మాధోపూర్ లాంటి ఊళ్ల పేర్లు అలా వచ్చినవే. తమిళంలో, మలయాళంలో మాధవన్. రికార్డుల్లో మాధవ్ ఉన్నా తప్పు లేదు, కానీ బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేటప్పుడు, సంకల్పంలో చెప్పించేటప్పుడు "మాధవ" అని అజంతంగా, అంటే చివర అచ్చుతో, ఉంచండి, సంస్కృతంలో ఈ పేరు అకారాంతం, విభక్తులు దానికే చేరతాయి. ఇంగ్లీషులో మొదటి అక్షరం తర్వాత ఒకే ఏ రాస్తే ఉత్తరాది టీచరు కూడా మాధవ్ అనే చదువుతారు, అమెరికాలో పుట్టి పెరిగే పిల్లాడైతే మాత్రం "మడవ్" అవుతాడు, దానికి మందు లేదు. న్యూమరాలజీ అని చెప్పి రెండు హెచ్‌లు మూడు ఏలు కలపమనేవాళ్లు వస్తారు, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోటి అయ్యి పాతికేళ్లకు ఆ పిల్లాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. జనన ధ్రువీకరణ పత్రంలో ఏ స్పెల్లింగ్ పడుతుందో అదే అన్నిచోట్లా ఉండేలా ఇప్పుడే ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

మామగారు ఏమన్నారో బారసాల అయ్యాక రాయండి.